పాత లారీ సామాన్ల తుప్పుకు మొలాసిస్ మందు

పాత ఫార్గో, బెడ్‌ఫోర్డ్, 1969కి ముందు బెంజ్ నక్షత్రంతో వచ్చిన టాటా... ఏ బండి విప్పినా చిన్న సామానుతోనే పెద్ద తలనొప్పి. బానెట్ గొళ్ళేలు, తలుపు కీలు, బ్రాకెట్ల సందుల్లోకి వైరు బ్రష్ దూరదు, గ్రైండర్ పెడితే ఇనుమే అరిగిపోతుంది.

పశువుల దాణా కొట్లో మొలాసిస్, అంటే చక్కెర తీశాక మిగిలే నల్లటి చిక్కటి పాకం, దొరుకుతుంది. అదే వాడండి. దాని బదులు బెల్లం బుట్టలకొద్దీ కొంటే సారా కాస్తున్నారేమోనని ఊరంతా అనుమానంగా చూస్తుంది! ముందు సామాను గ్రీజు, జిడ్డు పోయేలా డీజిల్‌తో తుడిచి, సర్ఫు నీళ్లతో కడగండి. జిడ్డు ఉన్నచోట మందు పనిచేయదు. ప్లాస్టిక్ డ్రమ్ములో 20 లీటర్ల నీళ్లకు 2 లీటర్ల మొలాసిస్ బాగా కలిపి, సామాను పూర్తిగా మునిగేలా వేయండి. సగం బయటికి ఉంటే నీటి మట్టం దగ్గర చార పడుతుంది. మూత పెట్టి ఇంటికి దూరంగా ఉంచండి, పులిసిన కంపు మామూలుగా ఉండదు.

వారం తర్వాత ఒకటి తీసి చూడండి. తుప్పు నల్లటి బురదలా మారి, పైపు నీళ్ల ధాటికే జారిపోతుంది. మొండిదైతే ఇంకో వారం ఉంచండి. కడగగానే ఎండలో ఆరబెట్టి, ఆ పూటే రెడాక్సైడ్ (తుప్పు పట్టకుండా వేసే ఎర్ర ప్రైమర్) కొట్టేయాలి. రేపు చూద్దాంలే అంటే తెల్లారేసరికి మళ్లీ ఎర్రబడుతుంది.

అల్యూమినియం, జింకు పోత సామాను మాత్రం ఇందులో వేయొద్దు, తినేస్తుంది. కార్బురేటర్, ఫ్యూయల్ పంపు బాడీల వంటివి పక్కన పెట్టండి. అనుమానముంటే అయస్కాంతం పెట్టి చూడండి, అంటుకోకపోతే డ్రమ్ములో వేయకండి.