చీమకుర్తి బ్లాకు కొలతలకు ఒకే స్ట్రక్చర్: ఎస్‌ఏపీ డేటా డిక్షనరీలో ఇలా చేయండి

చీమకుర్తి క్వారీలో గెలాక్సీ గ్రానైట్ బ్లాకు తీశాక దాని పొడవు, వెడల్పు, ఎత్తు క్వారీ రిజిస్టర్లో రాస్తారు, యార్డులో రాస్తారు, ఇన్‌వాయిస్‌లో మళ్లీ రాస్తారు. రాయి అమ్మేది క్యూబిక్ మీటర్ల లెక్కన. ఒక ప్రోగ్రాములో సెంటీమీటర్లు, ఇంకోదాంట్లో మీటర్లు పెడితే డబ్బు లెక్కే తప్పుతుంది. అందుకే ఒంగోలులో నా దగ్గర అబాప్ (కంపెనీల లెక్కలు నడిపే ఎస్‌ఏపీ సాఫ్ట్‌వేర్ ప్రోగ్రామింగ్ భాష) నేర్చుకునే పిల్లలకు ఒకటే చెబుతాను: కోడ్ జోలికి పోకముందు ఎస్‌ఈ11, అంటే డేటా డిక్షనరీ తెరవండి.

ముందు డొమైన్, అంటే విలువ ఏ రకమో, ఎన్ని అంకెలో చెప్పేది. కొలతకు డెసిమల్ రకం, 5 అంకెలు చాలు. ఆ ఒక్క డొమైన్ మీదే పొడవు, వెడల్పు, ఎత్తులకు మూడు డేటా ఎలిమెంట్లు (ఫీల్డుకు అర్థం, లేబుల్ ఇచ్చేవి) చేయండి. లేబుల్‌లోనే సెంటీమీటర్లని రాయండి, యార్డు క్లర్కుకు కనిపించేది అదే. ఘనపరిమాణానికి క్వాంటిటీ రకం డొమైన్, మూడు దశాంశాలు. యూనిట్‌కు కొత్తది అక్కర్లేదు, ఎస్‌ఏపీలో ముందే ఉన్న స్టాండర్డ్ డేటా ఎలిమెంట్ ఎంఈఐఎన్‌ఎస్ (MEINS) వాడండి. ఉన్నదాన్ని వాడటం బద్ధకం కాదమ్మా. ఎస్‌ఏపీ కొత్త తరం ఎస్4 హానాలో మెటీరియల్ నంబరు 18 అక్షరాల నుంచి 40కి పెరిగింది. స్టాండర్డ్ ఎలిమెంట్ వాడిన ఫీల్డు తనంతట తనే పెరిగింది. 18 అని చేత్తో రాసుకున్న కోడ్‌ను మాత్రం వెతికి వెతికి దిద్దాల్సి వచ్చింది.

ఇప్పుడు స్ట్రక్చర్, అంటే ఈ ఫీల్డులన్నిటినీ ఒక కట్టగా కట్టేది. డేటా టైప్ ఎంచుకుని, జెడ్‌తో మొదలయ్యే పేరిచ్చి, క్రియేట్ నొక్కి, స్ట్రక్చర్ అనండి. అయిదు కాంపోనెంట్లు: మూడు కొలతలు, ఘనపరిమాణం, యూనిట్. కరెన్సీ/క్వాంటిటీ ట్యాబ్‌లో ఘనపరిమాణానికి రిఫరెన్స్‌గా ఇదే స్ట్రక్చర్ పేరు, యూనిట్ ఫీల్డు ఇవ్వాలి. ఇవ్వకపోతే యాక్టివేట్ కాదు. ఎక్స్‌ట్రాస్ మెనూలో ఎన్‌హాన్స్‌మెంట్ కేటగిరీ (దీన్ని తర్వాత ఎంతవరకు పెంచొచ్చో చెప్పేది) కూడా పెట్టేయండి.

అసలు ఉపయోగం యార్డు టేబుల్ దగ్గర తెలుస్తుంది. బ్లాకుకు గ్రాస్ కొలత వేరు, అలవెన్స్ (కొలతలో వదిలేసే తగ్గింపు) తీశాక నెట్ కొలత వేరు. గ్రాస్ 280, 170, 150 సెంటీమీటర్లయితే 7.14 క్యూబిక్ మీటర్లు. ఒక్కో కొలతలో 10 సెంటీమీటర్లు తీస్తే నెట్ 6.048. పది ఫీల్డులు టైప్ చేయకండి. అదే స్ట్రక్చర్‌ను టేబుల్లో రెండుసార్లు ఇన్‌క్లూడ్ చేసి, గ్రాస్‌కు _జీ, నెట్‌కు _ఎన్ అని సఫిక్స్ (ఫీల్డు పేరు చివర తోక) ఇవ్వండి. సఫిక్స్ మూడు అక్షరాలు దాటకూడదు.

ఒక లాట్‌లోని బ్లాకులన్నీ ఫంక్షన్ మాడ్యూల్‌కు (పిలిచి వాడుకునే ప్రోగ్రాము ముక్కకు) పంపాలంటే ఈ స్ట్రక్చరే లైన్ టైప్‌గా, అంటే ఒక్కో వరుస రూపంగా, టేబుల్ టైప్ చేయండి. సేవ్ చేసేటప్పుడు ప్యాకేజీ అడిగితే లోకల్ ఆబ్జెక్ట్ వద్దు, అది ప్రొడక్షన్‌కు (అసలు పని జరిగే సిస్టమ్‌కు) వెళ్లదు.

తర్వాత మార్చాల్సొస్తే ముందు వేర్ యూజ్డ్ లిస్ట్ (ఇది ఎక్కడెక్కడ వాడారో చూపే జాబితా) చూడండి. కొత్త ఫీల్డు చేరిస్తే ఇన్‌క్లూడ్ చేసిన టేబుళ్లన్నిటికీ అదే చేరుతుంది. డేటా ఉన్న టేబుల్లో ఫీల్డు పొడవు తగ్గించాలంటే మాత్రం ఎస్‌ఈ14 (డేటాబేస్ టేబుళ్లను సర్దే తెర)లో కన్వర్షన్ అవసరమవుతుంది, డేటా తెగే ప్రమాదం ఉంటుంది. ఆ పని ఒంటరిగా చేయకండి, బేసిస్ వాళ్లను (ఎస్‌ఏపీ సిస్టమ్ నిర్వహించేవాళ్లను) తోడుగా పెట్టుకోండి.