బడ్జెట్‌లో చిన్న కారు కొనాలా? షోరూమ్‌కు వెళ్లే ముందు, వెళ్లాక ఏం చూడాలి

కారు చూసొచ్చాక లెక్కలు వేసుకునేవాళ్లే మనలో ఎక్కువ. ఆ వరుస తిరగెయ్యండి. 5 లక్షల 80 వేల బోర్డు చూసి లోపలికి వెళ్లినవాళ్లకు "ఇంకో 60 వేలు వేసుకుంటే పై వేరియంట్ వస్తుంది సార్, ఈఎంఐలో నెలకు వెయ్యి రూపాయలే తేడా" అంటూ ఒక్కో మెట్టూ ఎక్కించడం సేల్స్ కుర్రాళ్లకు నిత్యకృత్యం. మీ లెక్క ఇంట్లోనే తేలిపోయి ఉంటే ఆ మాట మీ దగ్గర పనిచేయదు.

ఇక్కడ చెప్పేది మారుతి ఆల్టో కే10, వ్యాగన్ఆర్, స్విఫ్ట్, టాటా టియాగో, హ్యుందాయ్ గ్రాండ్ ఐ10 నియోస్ లాంటి కార్ల గురించి. పొడవు 4 మీటర్ల లోపు, పెట్రోల్ ఇంజిన్ 1200 సీసీ లోపు ఉండే ఈ బండ్ల మీద 2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ 18 శాతమే. అంతకుముందు 28 శాతం జీఎస్టీ, దాని మీద సెస్సు ఉండేవి. కాబట్టి యూట్యూబ్‌లో ఆ తేదీకి ముందు వచ్చిన రివ్యూల్లో బండి గురించి చెప్పింది వినండి, ధర మాత్రం పట్టించుకోకండి.

1. నెలకు ఎన్ని కిలోమీటర్లు తిరుగుతారో తేల్చుకోండి

అన్నిటికన్నా ముందు కావాల్సిన అంకె ఇదే. ఆఫీసుకు రానూపోనూ దూరం, ఆదివారం తిరుగుళ్లు, ఏడాదికి నాలుగైదుసార్లు ఊరి ప్రయాణం అన్నీ కలిపి కాగితం మీద వేయండి. నెలకు 400 కిలోమీటర్లు తిరిగే ఇంటికీ, 1,500 తిరిగే ఇంటికీ ఒకే కారు సరిపోదు.

పెట్రోలా, సీఎన్‌జీయా అన్నది ఈ అంకె మీదే తేలుతుంది. పెట్రోల్ లీటరు 108 రూపాయలు, సీఎన్‌జీ కిలో 96 అనుకుందాం. ట్రాఫిక్‌లో పెట్రోల్ బండి లీటరుకు 18, సీఎన్‌జీ బండి కిలోకు 25 కిలోమీటర్లు ఇస్తుందనుకుందాం. నెలకు 1,000 కిలోమీటర్లయితే ఏడాదికి పెట్రోల్‌కు 72 వేలు, సీఎన్‌జీకి 46 వేలు. మిగిలేది 26 వేలు. సీఎన్‌జీ వేరియంట్‌కు దాదాపు 90 వేలు ఎక్కువ పెట్టారంటే అది తిరిగి రావడానికి మూడున్నరేళ్లు పడుతుంది. నెలకు 500 కిలోమీటర్లే తిరిగేవాళ్లకు ఏడేళ్లు. అప్పటికి బండి అమ్మే ఆలోచనలో ఉంటారు.

డబ్బు లెక్కతోనే అయిపోదు. మీ దారిలో సీఎన్‌జీ బంకు ఉందా, పొద్దున తొమ్మిదింటికి అక్కడ క్యూ ఎంతుంటుందో ఒకసారి స్వయంగా చూసి రండి. సిలిండర్ డిక్కీని మింగేస్తుంది. టాటా వాళ్లు రెండు చిన్న సిలిండర్లను డిక్కీ అడుగున పెట్టి కొంత చోటు మిగిల్చారు. స్టెప్నీ ఇస్తున్నారా, పంక్చర్ కిట్‌తో సరిపెడుతున్నారా అన్నదీ అడగాలి. మూడేళ్లకోసారి సిలిండర్‌కు హైడ్రో టెస్ట్ (ఒత్తిడికి తట్టుకుంటుందో లేదో చూసే పరీక్ష) తప్పనిసరి.

కంపెనీ చెప్పే మైలేజీ ల్యాబ్‌లో రోలర్ల మీద తీసిన అంకె. స్విఫ్ట్ మాన్యువల్‌కు 24.80 అని రాసి ఉంటుంది. అమీర్‌పేట సిగ్నళ్ల దగ్గర, బెంజ్ సర్కిల్ దగ్గర అది రాదు. ఏ కారుకైనా చెప్పిన దాంట్లో మూడొంతులు వస్తుందనుకుని లెక్క వేసుకుంటే దెబ్బ తినరు.

2. ఆన్‌రోడ్ ధర మీరే వేసుకోండి

ఎక్స్‌షోరూమ్ ధర 6 లక్షల 50 వేలు అనుకుందాం. తెలంగాణలో 5 లక్షల లోపు కారుకు లైఫ్ ట్యాక్స్ 13 శాతం, 5 నుంచి 10 లక్షల మధ్య 14 శాతం, ఆపైన ఇంకా ఎక్కువ. అంటే 91 వేలు ఇక్కడే. ఏపీలోనూ పన్ను ధరను బట్టే ఉంటుంది, బుక్ చేసే రోజున రేటు కనుక్కోండి. కొత్త కారుకు మూడేళ్ల థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ ఒకేసారి కట్టాలి. దానికి తోడు ఓన్ డ్యామేజ్ (మన బండికి జరిగే నష్టానికి), జీరో డెప్ (క్లెయిమ్‌లో పార్టుల తరుగు కోయకుండా) కలిపితే ఇన్సూరెన్స్ 30 వేలు అటూఇటూ. రిజిస్ట్రేషన్, ఫాస్టాగ్ చిల్లర ఖర్చులతో బండి రోడ్డెక్కేసరికి 7 లక్షల 75 వేలు దాటుతుంది.

కొటేషన్‌లో ప్రతి పద్దూ విడిగా రాయించుకోండి. "హ్యాండ్లింగ్ ఛార్జీలు", "లాజిస్టిక్స్" అని కనిపిస్తే ఇది ఏ ప్రభుత్వ ఫీజు, రసీదు ఇస్తారా అని అడగండి. చాలాచోట్ల ఆ ఒక్క ప్రశ్నకే ఆ పద్దు మాయమవుతుంది. యాక్సెసరీస్ ప్యాక్, టెఫ్లాన్ కోటింగ్ మీ ఇష్టం, అవి తీసుకోకపోతే బండి ఇవ్వం అని షోరూమ్ వాళ్లు అనడం కుదరదు. ఇన్సూరెన్స్ కూడా షోరూమ్‌లోనే తీసుకోవాలన్న రూలు లేదు. అదే ఐడీవీ (ఇన్సూరెన్స్‌లో బండికి కట్టే విలువ), అవే యాడ్‌ఆన్‌లతో బయట కొటేషన్ తెచ్చి టేబుల్ మీద పెట్టండి, వాళ్లే తగ్గిస్తారు.

లోను సంగతి. 5 లక్షలు 9 శాతం వడ్డీకి ఐదేళ్లకు తీసుకుంటే ఈఎంఐ సుమారు 10,380. ఏడేళ్లకైతే 8,045. చూడ్డానికి హాయిగానే ఉంటుంది గానీ మొత్తం మీద వడ్డీ 53 వేలు ఎక్కువ కడతారు. పైన సేల్స్ కుర్రాడు చెప్పిన "నెలకు వెయ్యే" కూడా ఏడేళ్ల లెక్కే. అదే 60 వేలు ఐదేళ్లకైతే నెలకు 1,245 అవుతుంది. ఐదేళ్ల ఈఎంఐ కట్టలేని కారు మీ బడ్జెట్ కారు కాదు.

3. స్టార్ రేటింగ్ చూసేటప్పుడు ఏ ఏడాదిదో చూడండి

"ఫైవ్ స్టార్" అన్న మాట ఒక్కటే చాలదు. కార్లను గుద్దించి చూసి భద్రతకు స్టార్లు ఇచ్చే సంస్థ గ్లోబల్ ఎన్‌క్యాప్ 2022 జులైలో పరీక్ష విధానాన్ని కఠినం చేసింది. టియాగోకు 2020లో వచ్చిన 4 స్టార్లు పాత విధానంలోవి. వ్యాగన్ఆర్‌కు 2023లో పెద్దవాళ్ల భద్రతలో 1 స్టార్ వచ్చింది కొత్త విధానంలో. రెండిటినీ పక్కపక్కన పెట్టి పోల్చేటప్పుడు ఈ తేడా గుర్తుండాలి. పాత స్విఫ్ట్‌కు 2022లో 1 స్టార్ వచ్చింది, 2024లో వచ్చింది కొత్త తరం బండి. పాత రేటింగు పట్టుకుని కొత్త బండిని తిట్టడమూ, ఒక మోడల్‌కు వచ్చిన స్టార్లను అదే కంపెనీ మరో మోడల్‌కు అంటగట్టడమూ రెండూ తప్పే. 2023 అక్టోబర్ 1 నుంచి మనకు భారత్ ఎన్‌క్యాప్ ఉంది. పరీక్షకు పంపడం కంపెనీ ఇష్టం కాబట్టి అన్ని కార్లకూ రేటింగ్ దొరకదు.

రిపోర్టులో స్టార్ల కన్నా నేను ముందు వెతికేది బాడీ షెల్ "స్టేబుల్" అని రాశారా, "అన్‌స్టేబుల్" అని రాశారా అన్నది. గంటకు 64 కిలోమీటర్ల వేగంతో గుద్దితేనే గుల్ల నలిగిపోయే బండికి ఎన్ని ఎయిర్‌బ్యాగులు తగిలించినా అది అలంకారమే. ఆల్టో కే10, వ్యాగన్ఆర్, సెలేరియోల్లో 2025లో 6 ఎయిర్‌బ్యాగులు అన్ని వేరియంట్లకూ ఇచ్చారు, మంచిదే. కానీ వెనక కూర్చున్నవాళ్లు బెల్టు పెట్టుకోకపోతే వాటితో పెద్ద ప్రయోజనం లేదు. వెనక మధ్య సీటుకు నడుం బెల్టా, మూడు పాయింట్ల బెల్టా చేత్తో లాగి చూడండి.

4. వేరియంట్: అట్టడుగుదీ వద్దు, పైదీ వద్దు

బేస్ వేరియంట్ చాలావరకు బోర్డు మీద ధర తక్కువగా చూపించడానికే ఉంటుంది. మ్యూజిక్ సిస్టం, వెనక పవర్ విండోలు, సెంట్రల్ లాకింగ్ బయట వేయించుకుంటే వైరింగ్ కోస్తారు. ఆనక వారంటీతో తంటా. టాప్ వేరియంట్‌లో కట్టేది అల్లాయ్ వీల్స్‌కూ, పెద్ద స్క్రీన్‌కూ. మధ్య వేరియంట్‌లో వెనక వైపర్, డీఫాగర్, ఎత్తు మార్చుకునే డ్రైవర్ సీటు ఉన్నాయేమో చూడండి. వానాకాలం రాత్రి హైవే మీద స్క్రీన్ సైజు ఎవరికీ గుర్తుకు రాదు.

ఆటోమేటిక్ కావాలంటే ఈ ధరలో దొరికేవి ఎక్కువగా ఏఎంటీలే, అంటే మాన్యువల్ గేర్‌బాక్స్‌కే క్లచ్, గేర్లు తనంతట తాను మార్చే ఏర్పాటు. సిటీలో ఎడమకాలికి విశ్రాంతి, మైలేజీ కూడా తగ్గదు. గేరు మారేటప్పుడు చిన్న కుదుపు ఉంటుంది, ఎత్తు మీద ఆగి కదిలేటప్పుడు వెనక్కి జారవచ్చు. అలా జారకుండా ఆపే హిల్ హోల్డ్ లేని ఏఎంటీ జోలికి వెళ్లకండి.

5. టెస్ట్ డ్రైవ్‌కు ఇంటిల్లిపాదినీ తీసుకెళ్లండి

సేల్స్ కుర్రాడు పక్కన కూర్చుని, ఖాళీ రోడ్డు మీద రెండు కిలోమీటర్లు తిప్పి తీసుకొస్తే అది టెస్ట్ డ్రైవ్ కాదు, పెళ్లిచూపుల్లో కాఫీ. మీరు ఎలా వాడతారో అలాగే నడిపి చూడాలి. నలుగురు ఎక్కండి. మధ్యాహ్నం ఎండలో నిలబెట్టిన బండే అడగండి. ఏసీ మూడో నంబర్‌లో పెట్టి వెనక సీటు చల్లబడటానికి ఎంతసేపు పడుతుందో వెనక కూర్చున్నవాళ్లనే చెప్పమనండి. వెనక ఏసీ వెంట్లు గ్రాండ్ ఐ10 నియోస్ పై వేరియంట్లలో ఉంటాయి, వ్యాగన్ఆర్‌లో ఉండవు. రెంటచింతల ఎండలకు అలవాటుపడినవాళ్లకు ఈ తేడా ఎంతో వివరించక్కర్లేదు.

ఏసీ నడుస్తుండగా ఏదైనా ఫ్లైఓవర్ ఎక్కించండి. సగం ఎత్తులో ఆపి మళ్లీ మొదటి గేరులో కదల్చండి. ఇంజిన్ మూలుగుతోందా, క్లచ్ మీద ఎక్కువసేపు కాలు పెట్టాల్సి వస్తోందా గమనించండి. చిన్న కారుకు అసలు పరీక్ష ఇదే. తిరుమల ఘాట్ రోడ్డు, శ్రీశైలం, అరకు దారుల్లో నిండా మనుషులతో వెళ్లే బండి అయితే 1 లీటర్ ఇంజిన్, 1.2 లీటర్ ఇంజిన్ల మధ్య తేడా అక్కడే బయటపడుతుంది. మూడు సిలిండర్ల ఇంజిన్లు (స్విఫ్ట్, టియాగో) బండి నిలబడి ఉన్నప్పుడు కాస్త వణుకుతాయి. నియోస్‌లో నాలుగు సిలిండర్లు, నున్నగా ఉంటుంది. స్టీరింగ్ మీద చెయ్యి పెట్టి ఒక్క నిమిషం ఊరకే కూర్చుంటే తెలిసిపోతుంది.

తర్వాత మీ వీధిలాంటి వీధికి తీసుకెళ్లండి. కాలనీల్లో కొలతల్లేని స్పీడ్ బ్రేకర్లు ఉంటాయి కదా, నలుగురితో దాని మీదుగా మెల్లగా వెళ్లండి. కింద తగిలిందా? స్విఫ్ట్ గ్రౌండ్ క్లియరెన్స్ 163 మిల్లీమీటర్లు, టియాగోది 170. కాగితం మీద తేడా చిన్నదే, బండి నిండాక మాత్రం తెలుస్తుంది.

మోకాళ్ల నొప్పులున్న అమ్మనో అత్తయ్యనో వెనక సీట్లోకి ఎక్కించి, దింపి చూడండి. వ్యాగన్ఆర్ ఎత్తు 1,675 మిల్లీమీటర్లు, స్విఫ్ట్ 1,520. స్విఫ్ట్‌లో నడుం వంచి కిందికి కూలబడాలి, వ్యాగన్ఆర్‌లో కుర్చీలో కూర్చున్నట్టే. నడపడానికి సరదాగా ఉండేది స్విఫ్టే, అందులో సందేహం లేదు. ఇంట్లో పెద్దవాళ్లుంటే మాత్రం నా ఓటు వ్యాగన్ఆర్ ఎత్తుకే. దాని స్టార్ రేటింగ్ సంగతి పైన చెప్పాను, ఆ రెండిటినీ తూచుకోవాల్సింది మీరే.

డిక్కీ లీటర్లు (వ్యాగన్ఆర్ పెట్రోల్ 341, స్విఫ్ట్ 265, టియాగో 242) చదివి ఊరుకోకండి. ఇంట్లో ఉన్న పెద్ద సూట్‌కేసు వెంట తీసుకెళ్లి పెట్టి చూడండి. సంక్రాంతికి ఊరెళ్లి 25 కిలోల బియ్యం బస్తా, అరిసెల డబ్బా, కొబ్బరికాయల సంచితో తిరిగి రావాల్సినవాళ్లు సిగ్గుపడాల్సిన పనేమీ లేదు.

6. షోరూమ్ పక్కనే ఉన్న సర్వీస్ సెంటర్‌కు వెళ్లండి

అక్కడ పార్ట్స్ కౌంటర్‌లో నాలుగు ధరలు అడగండి: ముందు బంపర్, హెడ్‌లైట్ అసెంబ్లీ, క్లచ్ సెట్, సైడ్ మిర్రర్. సిటీలో ముందు విరిగేవి, అరిగేవి ఇవే. రెండు కంపెనీల అంకెలు పక్కపక్కన రాసుకుంటే ఐదేళ్ల ఖర్చు ఎటు మొగ్గుతుందో తెలుస్తుంది. బయట సర్వీసుకు వచ్చిన ఓనర్లు ఎదురుచూస్తూ ఉంటారు. బిల్లు ఎంతయింది, చెప్పిన టైముకు ఇచ్చారా అని వాళ్లనే అడగండి, మొహమాటం లేకుండా చెబుతారు. మీ ఊరు నర్సీపట్నమో, అచ్చంపేటో అయితే దగ్గర్లో ఆథరైజ్డ్ సర్వీస్ ఎక్కడుందన్నదే కారును నిర్ణయించవచ్చు.

సెకండ్‌హ్యాండ్ వైపు చూసేవాళ్లకు ఒక్క మాట. 2023 ఏప్రిల్‌కు ముందు తయారైన బండి అయితే ఇప్పుడు బంకుల్లో దొరికే 20 శాతం ఇథనాల్ పెట్రోల్‌కు అది సిద్ధమేనా అని ఓనర్ మాన్యువల్‌లో చూడండి. చలాన్లు, హైపోథికేషన్ (బండి మీద తీరని లోను) వివరాలు ఆన్‌లైన్‌లో చూశాకే అడ్వాన్స్ ఇవ్వండి.

7. బేరం, డెలివరీ

ఆషాఢంలో కొత్త బండి కొనేవాళ్లు తక్కువ, అందుకే ఆఫర్లు ఎక్కువ. డిసెంబర్‌లోనూ అంతే. కాకపోతే డిసెంబర్ బండి వారం తిరక్కుండా "పోయినేడాది మోడల్" అవుతుంది, అమ్మేటప్పుడు ఆ ముక్క అడ్డొస్తుంది. పదేళ్లు ఉంచుకునేవాళ్లకు దానితో పనిలేదు.

దసరాకో ధనత్రయోదశికో డెలివరీ అనుకుంటే తనిఖీ మాత్రం ముందురోజే పెట్టుకోండి. పండగ రోజు షోరూమ్‌లో పదుల బండ్లకు పూజలు జరుగుతుంటాయి, టైర్ల కింద నిమ్మకాయలు తప్ప ఇంకేం కనపడవు. రిజిస్ట్రేషన్ కాకముందే, పూర్తి డబ్బు కట్టకముందే పగటి వెలుతురులో బండి చూడాలి. కంపెనీ ఇచ్చే ధ్రువపత్రం ఫారం 22లో తయారైన నెల, ఏడాది చూడండి. టైరు పక్కన నాలుగంకెలు ఉంటాయి, 3225 అంటే 2025లో 32వ వారం. ఐదో టైరు కూడా చూడండి, మర్చిపోయేది అదే. ఓడోమీటర్ వంద దాటి ఉంటే టెస్ట్ డ్రైవ్ బండేమో అడగండి. డోర్ల అంచుల్లో, రూఫ్ మీద పెయింట్ రంగు తేడా వెతకండి. ఛాసిస్ నంబర్ బండి మీద, ఇన్వాయిస్‌లో, ఇన్సూరెన్స్‌లో ఒకటే ఉండాలి.

తాళాలు తీసుకునేటప్పుడు ఇన్వాయిస్, ఫారం 21 (అమ్మకపు పత్రం), టీఆర్ (తాత్కాలిక రిజిస్ట్రేషన్), ఇన్సూరెన్స్ పాలసీ, వారంటీ బుక్, రెండో తాళం, జాకీ, వీల్ స్పానర్ చేతికి వచ్చాయో లేదో సరిచూసుకుని సంతకం పెట్టండి. ట్యాంకులో పెట్రోల్ బంకు దాకా వెళ్లేంతే ఉంటుంది, నేరుగా అటు పోనివ్వండి.