నల్లని చర్మానికి రంగు కలపడం

మా అమ్మది చామనచాయ కాదు, నలుపు. చంద్రగిరి కొండ ముందు కూర్చోబెట్టి ఆమె బొమ్మ మొదలుపెట్టినప్పుడు నల్లరంగు ట్యూబే తీశాను. ముఖం బొగ్గులా, ప్రాణం లేకుండా వచ్చింది. ఆ ట్యూబ్ పక్కన పెట్టేయండి.

బర్న్ట్ అంబర్ అనే ముదురు గోధుమరంగు, అల్ట్రామెరీన్ బ్లూ అనే ముదురు నీలం సమంగా కలపండి. లోతైన నలుపు వస్తుంది. పెదవులకు కొంచెం అలిజరిన్ క్రిమ్సన్ అనే ముదురు ఎరుపు. వెలుగు పడేచోట తెల్లరంగు బాగా తగ్గించండి, లేకపోతే బూడిద పూసినట్టుంటుంది. పొద్దుటెండలో అమ్మ నుదుటి మీద ఆకాశపు నీలం కనిపించింది, అక్కడ పలుచగా నీలమే వేశాను. నీడల్లో కొండరాయి ఎరుపు కలిపితే మనిషీ కొండా ఒకే నేలవి అనిపిస్తాయి.

అమెరికా చిత్రకారిణి ఏమీ షెరాల్డ్ నల్లజాతి మనుషుల చర్మాన్ని బూడిద ఛాయల్లో వేస్తారు. మిషెల్ ఒబామా చిత్రం (2018) కూడా అంతే. వాళ్ల చరిత్ర వేరు, మనది వేరు. అయినా ఆ చిత్రం చూశాకే అమ్మను వేయాలనిపించింది.

కూర్చున్నవాళ్లను మాట్లాడనివ్వండి. పెళ్లిచూపులకు మెడదాకా పౌడర్ పూసిన సంగతి అమ్మ నాకు ఆ ఎండలోనే మొదటిసారి చెప్పింది. అప్పుడు బ్రష్ కింద పెట్టి విన్నాను. మీరూ పెట్టేయండి, రంగు ఆరిపోయినా సరే.