పట్నం పోతా ఉన్నారా? సెల్లార్‌లో బిడ్డల్ని పడుకోబెట్టమాకండి

మొన్న మా ఊరి వాట్సాప్ గ్రూపులో మళ్ళా అదే వార్త, సెల్లార్‌లో నిద్రపోతా ఉన్న బిడ్డ మీదకి కారు ఎక్కిందని. 2023 మే నెలలో హైదరాబాద్ హయత్‌నగర్‌లో జరిగింది గుర్తుందా, బిల్డింగ్ పనికొచ్చిన తల్లి ఎండకి తట్టుకోలేదని మూడేళ్ళ పాపని పక్క అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో పడుకోబెడితే కారు ఎక్కి చచ్చిపోయింది. సంక్రాంతి అయిపోయింది, కనిగిరి, పామూరు, ఉదయగిరి నుంచి మనోళ్ళు మళ్ళా మూటలు సర్దుతా ఉండారు, అందుకే రాస్తున్నా.

డబ్బులు జాగ్రత్త, ఫోన్ జాగ్రత్త లాంటివి మీకు తెలుసు, వదిలేస్తున్నా.

అసలు సంగతి సెల్లార్. చల్లగా ఉంటది, గచ్చు నున్నగా ఉంటది, ఊళ్ళో వేపచెట్టు కింద పరిచినట్టు దుప్పటి పరిచి పనికి పోతారు. వాచ్‌మెన్‌గా పోయినోళ్ళకి ఇచ్చే గది కూడా ఆడే, మెట్ల కింద, ఒక మంచం వేస్తే రెండోది పట్టదు, ఇంక పిల్లోళ్ళకి పార్కింగే వాకిలి. ఎండలోంచి ర్యాంపు దిగే డ్రైవర్‌కి కాసేపు కళ్ళు చీకట్లు కమ్ముతాయి, నేల మీద దుప్పటి కప్పుకున్న బిడ్డ కనపడదు, కనపడినా గుడ్డలమూట అనుకుంటాడు. కారు పెట్టే గడి ఖాళీగా ఉంది కదా అంటారు. ఆ కారు ఆఫీసుకి పోయిందంతే, వస్తది. ఖాళీగా ఉన్నా పడుకోబెట్టమాకండి.

పనికి ఒప్పుకోకముందే మేస్త్రీని పిల్లోళ్ళని యాడ ఉంచాలని అడగండి. 50 మందికి మించి ఆడకూలీలుండే సైట్‌లో ఆరేళ్ళ లోపు పిల్లలకి గది పెట్టాలని 1996 నాటి భవన నిర్మాణ కార్మికుల చట్టంలోనే ఉండేది. చిన్న సైట్లకి అదీ లేదు, కాబట్టి అత్తనో అమ్మనో వెంట తీసుకుపోండి, ఆమె బస్సు ఛార్జీ దగ్గర లెక్కలేసుకోవద్దు.

సంపు మూత రోజూ చూసుకోండి. లిఫ్ట్ గుంతకి చెక్క అడ్డం పెట్టించండి, పెట్టేదాకా ఆ అంతస్తులోకి పిల్లల్ని ఎక్కనివ్వొద్దు. ఆధార్ ఒరిజినల్ మేస్త్రీ చేతికి ఇవ్వొద్దు, జిరాక్స్ చాలు. అడ్వాన్స్ ఎంతిచ్చాడో మీ పుస్తకంలో కూడా రాయించండి. గదిలో కుంపటి పెట్టుకుని తలుపేసుకోవద్దు, పొగకి తెల్లారేసరికి లేవరు. సెల్లార్‌లోకి వాననీళ్ళొస్తే మోటర్ స్విచ్ ముట్టుకోవద్దు. బిడ్డ చొక్కా లోపల ఫోన్ నంబర్ రాయి. తప్పిపోతే పిల్లల హెల్ప్‌లైన్ 1098. దెబ్బ తగిలితే ముందు 108, ఓనర్ గుట్టుగా ఆటోలో పోదామన్నా వినొద్దు. పాచిపనికి పై ఇళ్ళకి పోయేటప్పుడు ఐదు నిమిషాలే కదా అని కింద వదలమాకు, చంకనేసుకుని పో. మేడమ్ బిడ్డతో రావద్దంటే ఆ ఇల్లు మానెయ్యి, ఇంకోటి దొరుకుద్ది.