అంధుల పింఛను నిధుల తీరు మార్చమని అర్జీ పెట్టాలంటే

'పింఛను పెంచండి' అని మాత్రమే రాస్తే 'పరిశీలిస్తాం' అనే జవాబుతో ఫైలు మూసేస్తారు. డబ్బు ఎవరి ఖజానా నుంచి ఎంత వస్తోందో చూపించి, ఏ వాటా మారాలో అడగాలి.

ముందు లెక్క. ఆంధ్రప్రదేశ్ పింఛను పథకం ఎన్టీఆర్ భరోసా కింద 2024 జులై నుంచి దివ్యాంగుల పింఛను నెలకు 6,000 రూపాయలు. పూర్తిగా చూపు లేనివారికీ అంతే. 15,000 రూపాయలు మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవారికి. ఆ 6,000లో కేంద్రం వాటా 300. అదీ దారిద్ర్యరేఖకు దిగువన ఉండి, వైకల్యం 80 శాతమో ఆపైనో ఉన్న 18–79 ఏళ్లవారికే. 2012లో పెంచాక ఆ అంకె కదల్లేదు. అంటే 6,000లో 5 శాతం. వైకల్య శాతాన్ని తెలిపే సదరం సర్టిఫికెట్‌లో 40–79 శాతం ఉన్నవారి భారమంతా రాష్ట్రానిదే.

అందుకే రెండు అర్జీలు విడివిడిగా రాయండి. కలిపితే ఇది మా పరిధి కాదని తిప్పి పంపడం సులువు.

కేంద్రానికి రాసేది గ్రామీణాభివృద్ధి శాఖకు: 300 పెంచాలి, 80 శాతం నిబంధనను 40కి దించాలి. గుంటూరు ఎంపీ 2024 జూన్‌లో ఆ శాఖకే సహాయమంత్రి అయ్యారు కాబట్టి గుంటూరువాళ్లకు దారి దగ్గర. ఒక ప్రతి ఆయన కార్యాలయంలో ఇచ్చి రసీదు తీసుకోండి.

రాష్ట్రానికి రాసేదానిలో అడగాల్సింది ఏటా ఆటోమేటిక్ పెంపు. ఉద్యోగుల కరువు భత్యాన్ని (డీఏ) ధరల సూచీని బట్టి సవరిస్తారు, దీన్నీ ఏప్రిల్‌లో అలాగే సవరించమనండి. సూచీ 5 శాతం పెరిగితే 6,000 కాస్తా 6,300. ఇక్కడ చాలామంది తడబడేది 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 24వ సెక్షన్ దగ్గర. ఇతరులకిచ్చే అలాంటి సాయం కంటే దివ్యాంగులకు కనీసం 25 శాతం ఎక్కువ ఇవ్వాలంటుంది అది. వృద్ధాప్య పింఛను 4,000 కాబట్టి కనీసం 5,000 రావాలి, 6,000 వస్తోంది. కనుక చట్టం ఉల్లంఘించారని రాయకండి, మొదటి పేరాలోనే అర్జీ వీగిపోతుంది. పైగా ఆ సెక్షన్‌లోనే 'ఆర్థిక స్తోమతకు లోబడి' అనే అర్థంలో మాటలున్నాయి, ఆర్థిక శాఖ పట్టుకునేది వాటినే. దానికి విరుగుడు అంకెలు.

అవి సమాచార హక్కు దరఖాస్తుతో వస్తాయి. పింఛన్లు చూసే గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ (సెర్ప్)ను మూడే అడగండి: చూపు లోపంతో పింఛను తీసుకునేవారెందరు, వారిలో వైకల్యం 80 శాతమో ఆపైనో ఉన్నవారెందరు, గత మూడేళ్లలో కేంద్రం విడుదల చేసినదెంత. గడువు 30 రోజులు. దారిద్ర్యరేఖకు దిగువనున్నవారికి రుసుము లేదు.

కలెక్టరేట్‌లో సోమవారం అర్జీ ఇచ్చేటప్పుడు పింఛను ఐడీ రాయకండి. రాస్తే అది వ్యక్తిగత ఫిర్యాదు కింద నమోదై, 'అర్జీదారుకు పింఛను అందుతోంది' అని ముగిసిపోవచ్చు. 'విధాన మార్పు కోసం' అని పైనే రాయించండి. వేలిముద్ర వేసేవారి పక్కన పేరు, ఊరు, చదివి వినిపించినవారి సంతకం ఉండాలి. బ్రెయిలీ ప్రతి ఒక్కటే ఇస్తే పక్కన పెట్టేస్తారు, అచ్చు ప్రతి తప్పనిసరి. నవంబరు దాటనివ్వకండి, బడ్జెట్ అంచనాలు ఖరారయ్యాక చేసేదేమీ ఉండదు.

జవాబు రాకపోతే రాష్ట్ర దివ్యాంగుల కమిషనర్‌ను ఆశ్రయించండి. ఆయన సిఫారసు చేస్తే, తీసుకున్న చర్యను సంబంధిత శాఖ మూడు నెలల్లో తెలపాలి. ఒప్పుకోకపోతే కారణం చెప్పాలి.