బెంగళూరు మిద్దె మీద బర్డాక్ వేరును విత్తనం నుంచి పెంచడం ఎలా?

జపాన్ వారు గోబో అని పిలిచి కూరగా వండుకునే బర్డాక్‌లో మనకు కావలసింది నిటారుగా కిందికి దిగే ఒక్క తల్లివేరు. అది వంకర తిరిగినా, రెండు మూడుగా చీలినా గీకడానికి లొంగదు, సమంగా తరగడానికి వీలుపడదు. ఈ పంట బెంగళూరులో రాదని చెప్పేవారి కుండీలను పరిశీలిస్తే, లోపం ఇక్కడి వాతావరణంలో కాక విత్తిన పద్ధతిలోనే కనిపిస్తుంది.

అక్టోబరు చివర వానల జోరు తగ్గాక మొదలుపెట్టి నవంబరు మధ్యలోగా విత్తనం వేయాలి. అలా వేస్తే ఎండలు ముదరకముందే, మార్చిలో, వేరు చేతికి వస్తుంది. 50 కిలోల బియ్యం సంచి, జల్లించిన ఎర్రమట్టి, ఇసుక, బాగా చివికిన పశువుల ఎరువు, రెండు గుప్పిళ్ల వేపపిండి ఉంటే చాలు. మట్టి రెండు పాళ్లు, ఇసుక రెండు పాళ్లు, ఎరువు ఒక పాలు తీసుకుని వేపపిండితో సహా కలపండి. ఇప్పుడు ఎక్కువగా దొరికేది రాయిని పిండి చేసి తయారుచేసే ఇసుక, అంటే ఎం-శాండే కనుక దానిలోని రాతి పొడి పోయేలా కడిగి వాడండి. ఎరువు పచ్చిగా ఉంటే వేరు చీలుతుంది. నిండిన సంచి తడిసినప్పుడు 100 కిలోలకు పైగా తూగవచ్చు కాబట్టి దాన్ని మిద్దె నడుమ కాక గోడ లేదా దూలం మీదికి వచ్చేచోట నిలపాలి. అడుగున నాలుగైదు రంధ్రాలు తప్పనిసరి. మామూలు సంచి ఎండకు పెళుసుబారుతుంది, అందుచేత బయట ఒక గోనెపట్టా చుట్టండి.

పెరడు ఉన్నవారు కూడా సంచిలోనే వేయాలి. ఇక్కడి ఎర్రనేల జానెడు లోతు దాటగానే గట్టిబడుతుంది, రాళ్లు తగులుతాయి. టకినోగావా వంటి పొడవు రకాల వేరు 75 సెంటీమీటర్లు దాటి దిగగలదు. అంత లోతున నేలను గుల్ల చేయడం ఒక శ్రమ, పంట కాలంలో విరగకుండా తవ్వి తీయడం అంతకు మించిన శ్రమ.

అసలు జాగ్రత్త అవసరమయ్యేది విత్తే దశలోనే. టమాటా, మిరప నారు పోసిన అలవాటుతో చాలామంది బర్డాక్ విత్తనాన్నీ కొబ్బరిపీచు పొడి నింపిన ప్రోట్రేలో, అంటే చిన్న గుంటలున్న నారు ట్రేలో వేసి, నాలుగాకులు రాగానే పెకలించి నాటుతారు. మొక్క బతుకుతుంది, ఆకులు ఏపుగా వస్తాయి, అందువల్ల తప్పు జరిగిందని నెలల తరబడి తెలియదు. కానీ పైన రెండాకులు విప్పుకునే లోపే కింద తల్లివేరు ట్రే అడుగును తాకి పక్కకు మళ్లి ఉంటుంది, లేదా పెకలించేటప్పుడు దాని కొన తెగి ఉంటుంది. కొన తెగిన తల్లివేరు తిరిగి ఒక్కటిగా సాగదు, కొమ్మలు వేస్తుంది. కనుక ఏ సంచిలో పెరగాలో ఆ సంచిలోనే విత్తాలి. కాగితపు కప్పులో మొలిపించి కప్పుతో సహా నాటడం కూడా నేను ఒప్పుకోను.

రెండవ తప్పు లోతు. ఈ విత్తనం మొలకెత్తడానికి వెలుతురు తోడ్పడుతుంది. చిక్కుడు గింజలా వేలితో గుంట చేసి పూడిస్తే చాలా గింజలు లోపలే ఉండిపోతాయి. రాత్రంతా నీటిలో నానబెట్టిన గింజలను ఉదయం తడిపిన మట్టిపై పరచి, అరచేతితో మెల్లగా అదిమి, గింజ కనబడీ కనబడనట్టుగా జల్లించిన వర్మీకంపోస్టు చల్లితే సరిపోతుంది. ఆ పొర అర సెంటీమీటరుకు మించకూడదు. సంచికి మూడు చోట్ల, చోటుకు మూడేసి గింజలు వేసి, చోటుకూ చోటుకూ మధ్య జానెడు దూరం ఉంచండి.

ఇంత పైన ఉన్న గింజ త్వరగా ఆరిపోతుంది కాబట్టి వరిగడ్డి కప్పాలనిపిస్తుంది, అది మాత్రం చేయకండి, వెలుతురు ఆగిపోతుంది. పైన షేడ్‌నెట్ కట్టి, ఉదయం, సాయంత్రం స్ప్రేయరుతో సన్నగా తడపండి. పైపుతో నీరు పెడితే గింజలన్నీ ఒక మూలకు కొట్టుకుపోతాయి. వారం నుంచి రెండు వారాల్లో మొలకలు వస్తాయి. అసలైన ఆకులు రెండు విచ్చుకున్నాక చోటుకు బలమైన మొక్క ఒక్కటే ఉంచి, తక్కినవాటిని కత్తెరతో మొదట్లో కత్తిరించండి. పీకితే ఉంచదలచిన మొక్క వేరు కూడా కదులుతుంది.

తరువాత పని తక్కువే. నీరు రోజూ కొంచెం కొంచెంగా కాక, పైమట్టి రెండంగుళాలు ఆరాక అడుగుదాకా దిగేలా పోయండి. పేనుబంక పడితే వేపనూనె పిచికారీ చేయండి.

నాలుగైదు నెలలకు వేరు బొటనవేలంత లావవుతుంది. ఇంకా లావెక్కాలని ఆగితే నడుమ బెండు కడుతుంది. రెండు రోజులు నీరు మాని, సంచిని పైనుంచి కిందికి నిలువుగా కోసి, మట్టిని రాల్చి తీయండి. ఆకులు పట్టి లాగితే వేరు మధ్యలో విరుగుతుంది. కడగకుండా తడి కాగితంలో చుట్టి ఫ్రిజ్‌లో పెడితే నిలుస్తుంది.

రుచి తొక్క దగ్గరే ఉంటుంది కనుక చెక్కు తీయకుండా కత్తి వెనక వైపుతో గీకండి. కోసిన ముక్క వెంటనే నల్లబడుతుంది, అందుకని అరటికాయ ముక్కలను వేసినట్టే పలుచని మజ్జిగలో వేయండి. సన్నగా తరిగి నువ్వులనూనెలో, ఎండుమిరప తాలింపుతో వేయించిన వేపుడు దీనికి తగిన వంట. ఇందులో ఇనులిన్ అనే పీచు పదార్థం ఎక్కువ, కాబట్టి మొదటిసారి కొద్దిగానే తినండి, కడుపు ఉబ్బరించవచ్చు.

కషాయానికైతే బిళ్లలుగా కోసి, నీడలో పుటుక్కున విరిగేదాకా ఎండబెట్టి, గాలి చొరని సీసాలో పెట్టుకోవాలి. స్వయంగా పెంచమని నేను పట్టుబట్టడానికి ఇక్కడ గట్టి కారణం ఉంది: 1970వ దశకంలో అమెరికాలో బర్డాక్ టీ అని అమ్మిన పొడిలో అట్రోపిన్ అనే విషపదార్థం కలిసి, తాగినవారు ఆసుపత్రి పాలయ్యారు. చామంతి జాతి మొక్కలు పడనివారు, గర్భిణులు దీనికి దూరంగా ఉండాలి. మధుమేహానికి గానీ మూత్రం జారీ కావడానికి గానీ మందులు వాడేవారు వైద్యుని అడగకుండా కషాయం తాగకూడదు.

ఖాళీ అయిన మట్టిలో వెంటనే మళ్లీ బర్డాక్ వేయవద్దు, వేరు తెగుళ్లు పట్టుకుంటాయి. కొంత ఎరువు కలిపి తోటకూర గానీ మెంతికూర గానీ చల్లుకోండి.