కోనసీమ చీకట్లో తోకచుక్కను చూసి గీయడం

తోకచుక్క బాగా వెలిగేది సూర్యుడికి దగ్గరగా వచ్చినప్పుడే. అందుకే అది చాలాసార్లు పొద్దుగూకాక పడమట, లేదా తెల్లవారుజామున తూర్పున, బాగా కిందే కనిపిస్తుంది. డెల్టాలో చిక్కంతా ఇక్కడే. కొబ్బరితోట ఆ కింది ఆకాశాన్ని పూర్తిగా మూసేస్తుంది. మిగిలినదాన్ని రొయ్యల చెరువుల లైట్లు, కోతలయ్యాక గడ్డి తగలబెట్టిన పొగ పాడుచేస్తాయి. తెల్లవారుజామున అయితే అంతర్వేది, ఓడలరేవు తీరాలకు వెళ్లండి. సాయంత్రమైతే గోదావరి పాయ వశిష్ఠ తూర్పు ఏటిగట్టు మేలు: పడమట నదే కాబట్టి చెట్లు అడ్డురావు. నరసాపురం దీపాలు ఎదురుపడని చోటు చూసుకోండి. గట్టు మీద బూట్లు తప్పనిసరి, ఎలుకలున్న చోట పాములుంటాయి.

పౌర్ణమి దగ్గరి రోజులు వదిలేస్తే సాయంత్రపు తోకచుక్కకు బహుళ పక్షం, వేకువది అయితే శుక్ల పక్షం అనుకూలం. 10×50 (పది రెట్లు దగ్గరగా చూపే, 50 మిల్లీమీటర్ల ముందు అద్దాలున్న) బైనాక్యులర్ చాలు. చేతులున్న కుర్చీలో వెనక్కి వాలి మోచేతులు ఆనిస్తే వణుకు తగ్గుతుంది. సూర్యుడు పూర్తిగా దిగేదాకా బైనాక్యులర్ అటు తిప్పొద్దు. వేకువన సూర్యోదయానికి ముందే ఆపేయాలి.

చలికాలంలో అసలు శత్రువు మంచు. రాత్రి బైనాక్యులర్ అద్దం వేడి కోల్పోయి గాలికన్నా చల్లబడుతుంది, కాలువల తేమంతా దానిమీద పేరుకుంటుంది. అప్పుడు ప్రతి నక్షత్రం చుట్టూ మసక కమ్ముకుని, కనబడిందల్లా తోకచుక్కే అనిపిస్తుంది. అనుమానం వస్తే పక్కనున్న నక్షత్రం చూడండి: అదీ మసకగా ఉంటే తప్పు అద్దానిదే. తుడవకండి, విసనకర్రతో ఆరబెట్టండి. నల్ల చార్టు చుట్టి ముందు అద్దాలకు 10 సెంటీమీటర్ల గొట్టాలు తొడిగితే మంచు ఆలస్యమవుతుంది. గీసేటప్పుడు తువ్వాలు కప్పండి.

బైనాక్యులర్‌లో కనిపించే గుండ్రటి ఆకాశానికి గుర్తుగా, మందపాటి కాగితం మీద 10 సెంటీమీటర్ల వృత్తాలు ఇంట్లోనే గీసుకుని, ప్లాస్టిక్ సంచిలో తీసుకెళ్లండి. కాగితం చెమ్మగిల్లితే పెన్సిల్ గీరుకుంటుంది, రుద్దితే నల్లమచ్చలు పడతాయి. కళ్లు చీకటికి అలవాటుపడటానికి అరగంట పడుతుంది. ఆ తర్వాత మసక ఎర్రలైటే వాడాలి. ముందు ప్రకాశవంతమైన ఐదారు నక్షత్రాలను త్రిభుజాలు కొలుచుకుంటూ పెట్టండి. తోకచుక్క ఆ తర్వాతే. 2బి పెన్సిల్ పొడిని దూదిపుల్లకు అంటించి, నడుమ నుంచి బయటికి తేలిగ్గా అద్దండి. చుట్టూ గీత గీస్తే బొమ్మ చెడిపోయినట్టే, తలకు అంచు ఉండదు. తోకను ఓరచూపుతో చూడండి. బైనాక్యులర్‌ను మెల్లగా తడితే మసకది కూడా కదలికలో దొరుకుతుంది. పొడవుకు గొల్లకావడి (ఓరియన్ నడుములోని) మూడు చుక్కలు కొలబద్ద: ఈ చివరి నుంచి ఆ చివరికి సుమారు 2.7 డిగ్రీలు.

ప్రకాశం అంచనాకు, ఫోకస్‌లో ఉన్న తోకచుక్క సగటు వెలుగు గుర్తుపెట్టుకోండి. తర్వాత వెలుగెంతో తెలిసిన నక్షత్రాన్ని అంతే పరిమాణానికి ఉబ్బేలా ఫోకస్ తప్పించి పోల్చండి. ఆ నక్షత్రం అదే ఎత్తులో ఉండాలి. 10 డిగ్రీల ఎత్తులో గాలి ఒక మాగ్నిట్యూడ్‌కు (నక్షత్రాల వెలుగును కొలిచే మెట్టు) పైగా వెలుగు మింగేస్తుంది.

పడమర దిక్కును కాగితం మీద గుర్తించండి: బైనాక్యులర్‌ను కదలకుండా ఆనిస్తే నక్షత్రాలు జారిపోయే వైపే పడమర. సమయం యూటీలో (ప్రపంచమంతటికీ ఒకటే అయిన సార్వత్రిక సమయంలో) రాయాలంటే మన గడియారం నుంచి ఐదున్నర గంటలు తీసేయాలి. తెల్లవారుజామున 4.30 అంటే యూటీలో రాత్రి 11.00, పైగా ముందురోజు తేదీ. తేదీలు తారుమారయ్యేది ఎక్కువగా ఇక్కడే. 40 నిమిషాలయ్యాక తోకచుక్క స్థానాన్ని అదే వృత్తంలో మరో చుక్కగా పెట్టి, పక్కన రెండో సమయం రాయండి.